మత్తుమందుల దొంగవర్తకము: రక్తపాతమునకు మూలము లెవ్వి?

మా పైతరగతి విద్యార్థులతో మాదకద్రవ్యములను గూర్చి మాటలాడుచుండగా ఒక బాలుడు లేచి యొక ప్రశ్న వేసెను. “అయ్యా, మత్తుమందు సేవించువాడు తన దేహమును తానే పాడుచేసికొనును. మఱి దాని పేర వీధులలో తుపాకులు ప్రేలుటయు, న్యాయాధిపతులు చంపబడుటయు ఏల? సేవించువాడు చచ్చుట తెలిసినది. సేవింపనివాడు చచ్చుట ఏల?” అంతలో గంట మ్రోగుటచే ఆ దినమున మేము చక్కని యుత్తర మీయలేకపోతిమి. ఈ వ్యాసము ఆ బాలునకు మేము బాకీపడిన యుత్తరము.

సామాన్యముగా మనము చెప్పుకొను సమాధాన మొకటి గలదు. మత్తు మనుష్యుని మృగముగా మార్చును గనుక మత్తున్నచోట హత్య యుండునని పెద్దలందురు. ఇందు సత్యము లేకపోలేదు. అయినను ఇది సత్యములో నొక చిన్నపాలు మాత్రమే. పెద్దపాలును తెలిసికొనవలెనన్నచో మనము మందును విడిచి దాని వర్తకమును పరిశీలింపవలెను.

1. హింస మూడు విధములు

1985 వ సంవత్సరమున అమెరికా సంయుక్తరాష్ట్రములలో పాల్ గోల్డ్‌స్టీన్ అను పరిశోధకుడు మత్తుమందులతో సంబంధించిన హింసను మూడు విధములుగా విభజించెను. మొదటిది, మందు మెదడునకెక్కి వివేకము నశించినవాడు చేయు దౌర్జన్యము. రెండవది, మందు కొనుటకు పైకము లేక వ్యసనపరుడు చేయు దోపిడి. మూడవది, ఆ వర్తకములోనే పుట్టు హింస. అనగా అమ్మువీథులకై తగవులు, బాకీలు వసూలు చేయుట, మోసగించినవానిని శిక్షించుట, సాక్షులను నోరెత్తకుండ చేయుట మొదలగునవి.

తరువాత గోల్డ్‌స్టీనును అతని తోడివారును 1988 వ సంవత్సరమున న్యూయార్కు నగరములో జరిగిన 414 హత్యా సంఘటనలను పరిశీలించిరి. వానిలో సగమునకు కొంచెము మించినవి మత్తుమందులతోడను మద్యముతోడను సంబంధించినవిగా తేలెను. ఆ సంబంధించినవానిలో నూటికి సుమారు 74 పాళ్లు మూడవ విధమునకు చెందినవి. మత్తెక్కినవాడు చేసినవి చాల తక్కువ. వానిలోను ఎక్కువభాగము సామాన్యమైన మద్యము వలననే జరిగినవి. ఇది యొక్క నగరములో, ఒక్క సంవత్సరమునకు చెందిన లెక్క. ఎల్లకాలములకు ఎల్లదేశములకు దీనిని అన్వయింపరాదు. అయినను మన బాలుని ప్రశ్నకు ఇది దారి చూపుచున్నది. చంపునది మందుకంటె వర్తకమే. ఆ వర్తకము ఏల చంపుచున్నదో ఇక విచారింతము.

2. న్యాయస్థానము లేని వర్తకము

మన యూరి బియ్యపు వర్తకు డొకడు వేఱొక వర్తకునకు నూరు బస్తాలు అరువిచ్చెననుకొందము. అతడు సొమ్ము చెల్లింపకపోయినచో ఇతడేమి చేయును? పత్రము చూపును, పెద్దమనుష్యులలో పెట్టును, తుదకు న్యాయవాదిచే నోటీసు ఇప్పించి దావా వేయును. తీర్పునకు ఆలస్యము కావచ్చును గాని కత్తి పట్టవలసిన యవసర ముండదు. అతని వెనుక రాజ్యమంతయు నిలిచియున్నది.

మత్తుమందు అమ్మువానికి ఈ యాధార మేదియు లేదు. సరకు దోచుకొనబడినచో అతడు ఠాణాకు పోలేడు. బాకీకి పత్రము వ్రాయించుకొనలేడు. భాగస్వామి ద్రోహము చేసినచో దావా వేయలేడు. తేలు కుట్టిన దొంగ అని మనవారు చెప్పు సామెత ఇతనికి సరిగా సరిపోవును. నొప్పి యున్నది, కేక వేయుటకు వీలులేదు. కేక వేయలేనివానికి మిగులు సాధనము భయము మాత్రమే. తన్ను మోసగించినవాడు బ్రతుకడని పదుగురికి తెలిసిననే గాని అతని వర్తకము నిలువదు. కావున అతని తుపాకియే అతనికి పత్రము, సాక్షి, న్యాయాధిపతి కూడ నగుచున్నది.

ఇది కల్పన కాదనుటకు చరిత్రలో గొప్ప నిదర్శన మొకటి గలదు. అమెరికాలో 1920 జనవరి 17 నుండి మద్యమును తయారుచేయుటయు, అమ్ముటయు దేశమంతట నిషిద్ధమయ్యెను. త్రాగువారు మానలేదు, అమ్మువారు మాత్రము మారిరి. షికాగో నగరములో ముఠాలు వీథులు పంచుకొని యొకరినొకరు కాల్చుకొనిరి. 1929 ఫిబ్రవరి 14 న ఒక మోటారు కొట్టులో ఏడుగురిని గోడకు వరుసగా నిలిపి కాల్చి చంపిరి. 1933 డిసెంబరు 5 న ఆ నిషేధము తొలగింపబడెను. మద్యము అదియే, త్రాగువారు వారే. కాని ఆ పిమ్మట సారావర్తకులు వీథికై తుపాకులు పట్టుట మానిరి. తగవులు న్యాయస్థానమునకు తిరిగి వచ్చినవి.

మన దేశములోనే మఱియొక నిదర్శనము చూడుడు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో ప్రభుత్వపు లైసెన్సుతో గసగసాల మొక్కను పెంచి రైతులు నల్లమందు తీయుచున్నారు. దానిని ప్రభుత్వమే తూచి కొనును. ఘాజీపూరు, నీమచ్ అను స్థలములలోని కర్మాగారములలో అది శుద్ధియై వైద్యమునకు పనికివచ్చుచున్నది. తూకములో భేదము వచ్చినచో రైతు అర్జీ పెట్టుకొనునేగాని ముఠా కట్టడు. అదే నల్లమందు దొంగచాటుగా పెరటిదారి పట్టినప్పుడే దాని వెంట ఆయుధము నడుచును.

3. ప్రమాదమే లాభము

రెండవ మూలము ధనము. దీనిని తెలిసికొనుటకు దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశమునకు పోవుదము. ఈ విషయములో ఆ దేశము పడిన బాధ లోకమునకే పాఠముగా నున్నది.

ఆండీసు పర్వతప్రాంతపు జనులు వేలయేండ్లనుండి కోకా అను మొక్క ఆకులను నమలుచున్నారు. మనవారికి తమలపాకెట్లో వారికి ఆ యాకు అట్లు. ఆకలిని, అలసటను, కొండలపై కలుగు తలత్రిప్పును అది కొంత తగ్గించును. ఆ యాకును నమలుటచేత ఏ యూరును శ్మశానము కాలేదు. 1860 ప్రాంతమున ఆల్బర్ట్ నీమన్ అను జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు ఆ యాకునుండి కొకెయిను అను సారమును వేఱుచేసెను. 1884 లో కార్ల్ కోలర్ అను వైద్యుడు దానిని కంటి శస్త్రచికిత్సలో నొప్పి తెలియకుండుటకు వాడెను. తరువాత అది విలాసమునకై వాడుకలోనికి వచ్చి యెందఱినో బానిసలను చేయగా, 1914 నుండి అమెరికా ప్రభుత్వము దానిని చట్టముచే కట్టుదిట్టము చేసెను.

1970 తరువాత అమెరికా నగరములలో కొకెయినును కోరువారు మిక్కిలి హెచ్చిరి. కోరువారు ధనవంతులు, వస్తువు నిషిద్ధము, దానిని పండించు కొండలు దూరము. ఈ మూడును కలిసినచోట ధర ఆకాశమునంటును. ఆకు పండించిన రైతునకు దక్కునది, తుదకు నగరపు వీథిలో పలుకు ధరలో నూటికి ఒకటి రెండు పాళ్లకు మించదు. మిగిలినదంతయు ప్రమాదమునకు వెల. సరిహద్దు దాటించువాడు, పట్టువడక తప్పించువాడు, అధికారిని లోబఱచుకొనువాడు, అడ్డువచ్చినవానిని తొలగించువాడు, వీరి వెలయే ఆ ధర. సామాన్యవర్తకములో నమ్మకస్థునకు లాభము కలుగును. ఈ వర్తకములో ఎవడు చంపుటకు వెనుదీయడో వానికే లాభము కలుగును. కావున మెత్తనివాడు తొలగిపోవుచుండగా క్రూరుడే యజమాని యగుచున్నాడు.

4. వెండియా, సీసమా?

అట్లు యజమానియైనవారిలో మెడెలిన్ నగరమునకు చెందిన పాబ్లో ఎస్కోబార్ ముఖ్యుడు. 1982 లో అతడు దేశపు శాసనసభలో ప్రత్యామ్నాయ సభ్యుడుగా కూడ ఎన్నికయ్యెను. అతని ముఠావారు అధికారుల యెదుట పెట్టిన బేరము ‘ప్లాతా ఓ ప్లోమో’ అను మాటగా ప్రసిద్ధికెక్కెను. వెండి కావలెనా, సీసము కావలెనా అని దాని యర్థము. వెండి యనగా లంచము, సీసమనగా తుపాకిగుండు.

న్యాయశాఖామంత్రి రోద్రిగో లారా బొనియా వెండిని నిరాకరించెను. అతడు ఎస్కోబారు నిజస్వరూపమును సభలో బయలుపెట్టెను. 1984 మార్చిలో పోలీసులు అడవిలోని యొక గొప్ప కర్మాగారముపై దాడిచేసి 13 టన్నులకు పైగా కొకెయినును పట్టుకొనిరి. ఏప్రిల్ 30 న బొగోటా నగరములో ఆ మంత్రి తన కారులో పోవుచుండగా మోటారుసైకిలుపై వచ్చిన యువకులు ఆయనను కాల్చి చంపిరి. 1986 డిసెంబరు 17 న, ముఠాలకు విరోధముగా నిర్భయముగా వ్రాసిన ‘ఎల్ ఎస్పెక్తదోర్’ పత్రికాసంపాదకుడు గియెర్మో కానో తన కార్యాలయమునుండి బయలుదేరుచుండగా హతుడయ్యెను. 1989 ఆగస్టు 18 న అధ్యక్షపదవికి నిలిచిన లూయిస్ కార్లోస్ గలాన్ బహిరంగసభలో చంపబడెను. ఆ సంవత్సరమే నవంబరు 27 న ఒక ప్రయాణీకుల విమానములో బాంబు ప్రేలి అందున్న 107 మందియు మరణించిరి. వారిలో ఎవ్వరు మత్తుమందు సేవించిరి? ఆ బాలుని ప్రశ్నకు ఈ విమానమే తగిన యుదాహరణము.

ఇంత రక్తమునకు కారణమేమని విచారించినచో విచిత్రమైన సంగతి యొకటి కనబడును. ఆ ముఠానాయకులు సైన్యముకంటెను ఎక్కువగా ఒక న్యాయస్థానమునకు భయపడిరి. 1979 లో కొలంబియా అమెరికాతో చేసికొన్న ఒడంబడికనుబట్టి నేరస్థులను అమెరికాకు అప్పగింపవచ్చును. అచటి న్యాయాధిపతిని వెండిచే కొనుటకుగాని సీసముచే బెదరించుటకుగాని వీలులేదు. ఆ యప్పగింత రద్దగుటకే వారు దేశముపై యుద్ధము ప్రకటించిరి. 1991 లో క్రొత్త రాజ్యాంగము అప్పగింతను నిషేధించుటకు నిర్ణయమైన దినముననే, అనగా జూన్ 19 న, ఎస్కోబార్ లొంగిపోయెను. అతడు ప్రవేశించిన చెరసాల అతని యిష్టప్రకారము కట్టబడినదే. మరుసటి సంవత్సరము జూలైలో అతడందుండి తప్పించుకొనిపోయెను.

నాబోతు ద్రాక్షతోట కథ మన విద్యార్థులకు సుపరిచితము. ఆ యూరి పెద్దలు తాముగా దుష్టులు కాకపోవచ్చును. రాణి పంపిన జాబునకు భయపడి యబద్ధసాక్ష్యమునకు తలయొగ్గిరి. న్యాయపీఠము భయపడినప్పుడు హంతకునకు ఆ పీఠమే ఆయుధమగును. లంచము పుచ్చుకొన్న పోలీసువాడును అట్టివాడే. కంచెయే చేను మేసినచో కాపు ఎవరితో మొఱపెట్టుకొనును? కావున న్యాయస్థానమునకు వెలుపల జరుగు వర్తకము మొదటి మూలమైనచో, ఉన్న న్యాయస్థానము బలహీనమగుట దానికి తోడైన మూలము.

5. కొండవాలున నున్న బాలురు

మంత్రిని చంపిన మోటారుసైకిలుపై యువకులుండిరని పైన వ్రాసితిమి. ఈ సంగతి మా మనస్సును మిక్కిలి కలతపెట్టినది.

మెడెలిన్ ఒకప్పుడు బట్టల మిల్లులకు పేరుపొందిన నగరము. పల్లెలనుండి వేలకొలది కుటుంబములు పనికై వచ్చి చుట్టునున్న కొండవాలులపై గుడిసెలు వేసికొనిరి. 1970 తరువాత మిల్లులు క్షీణించెను. కొండమీద బడి లేదు, పని లేదు, దారి లేదు, పోలీసు లేడు. అట్టిచోటికి ముఠావాడు మోటారుసైకిలును తుపాకిని తెచ్చి, “తల్లికి ఇల్లు కట్టించెదవా?” అని యడిగినచో ఎందఱు కాదందురు? అట్లు చేరినవారిలో అనేకులు మన ఉన్నతపాఠశాల తరగతులలో కూర్చుండు బాలుర యీడువారు. ముఠాకు బాలుడు చౌక. అతనికి భయము తక్కువ; శిక్ష తక్కువ; చచ్చినచో మఱియొకడు దొరకును.

1991 వ సంవత్సరమున మెడెలిన్ నగరములో లక్షమందికి సుమారు 380 మంది చొప్పున హత్యచేయబడిరి. మన దేశములో ఇటీవలి సంవత్సరములలో ఈ లెక్క లక్షకు ముగ్గురికి లోపు. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఆ నగరపు తల్లులు అనుభవించిన దుఃఖము కొంత మనకు తెలియగలదు.

పేదఱికమే హింసకు కారణమని మేము చెప్పుట లేదు. పేదలై నీతిగా బ్రతుకువారు లోకమున కోట్లకొలది గలరు. ఆ కొండలమీదనే అట్టివారే యధికసంఖ్యాకులు. కాని దొంగవర్తకము తనకు కావలసిన కూలీని వెదకునప్పుడు, విడువబడిన బాలుని యింటి తలుపే మొదట తట్టును.

6. నాయకుడు కూలిన పిమ్మట

1993 డిసెంబరు 2 న ఎస్కోబార్ మెడెలిన్‌లో ఒక యింటికప్పుమీద పోలీసులచే చంపబడెను. అంతటితో కొకెయిను వర్తకము అంతమయ్యెనా? కాలేదు. కాలీ నగరపు ముఠా దానిని కైవసము చేసికొనెను. 1995 లో వారి నాయకులు పట్టువడగా చిన్నముఠాలు పుట్టెను. పెరూ, బొలీవియా దేశములలో కోకా సాగును అణచినకొలది కొలంబియాలో అది హెచ్చెను. సముద్రమార్గమున కాపలా హెచ్చినకొలది సరకు మెక్సికో దారి పట్టెను. గాలితిత్తిని ఒకచోట నొక్కినచో మఱియొకచోట ఉబ్బినట్లయ్యెను. కోరువారున్నంతకాలము తెచ్చువారుందురు.

మెక్సికోలో చాలకాలము ముఠాలకును కొందఱు అధికారులకును లోపాయికారి యొడంబడికలు ఉండెడివి. అది న్యాయమైన శాంతి కాదు. లంచముచే కొనబడిన మౌనము. 1929 నుండి పాలించిన పక్షము 2000 లో అధికారము కోల్పోగా ఆ యేర్పాటులు చెదరెను. 2006 డిసెంబరులో అధ్యక్షుడు ఫెలిపే కాల్డెరోన్ సైన్యమును పంపి నాయకులను పట్టించుటకు పూనుకొనెను. ఉద్దేశము మంచిదే. కాని ఒక్కొక్క నాయకుడు తొలగినప్పుడెల్ల అతని స్థానమునకై లోపలివారును బయటివారును పోరాడిరి. ఆ దేశములో 2007 లో సుమారు 8,900 హత్యలు జరుగగా, 2011 లో అవి 27,000 దాటెను. ఆ ముఠాల చేతులలోని తుపాకులలో ఎన్నియో ఉత్తరపు సరిహద్దుకు ఆవలినుండి, అనగా మందు కొనుచున్న దేశమునుండియే వచ్చినవి. 2024 జూలైలో సినలోవా ముఠా పెద్దయగు ఇస్మాయేల్ జంబాడా పట్టువడగా, సెప్టెంబరు నుండి కులియకాన్ నగరములో ఆ ముఠాలోని రెండు పక్షములు బహిరంగముగా పోరాడజొచ్చినవి.

దీనివలన పోలీసులు ఊరకుండవలెనని కాదు. హంతకుని పట్టవలసినదే, శిక్షింపవలసినదే. కాని తలను నఱకుటతో పని ముగిసినదనుకొనుట పొరపాటు. నాయకుడు పోయిన చోటున న్యాయము వెంటనే ప్రవేశింపనిచో ఆ ఖాళీయే క్రొత్త యుద్ధభూమి యగును.

7. మెడెలిన్ చూపిన దారి

ఇంత చెప్పి నిరాశతో ముగించుట మాకు సమ్మతము కాదు. అదే మెడెలిన్ నగరము తరువాత ఏమిచేసెనో చూడవలెను. 2004 లో ఆ నగరపాలకులు కొండవాలులనుండి నగరపు రైలుస్టేషనునకు తీగలపై నడచు పెట్టెబండ్లను ఏర్పఱచిరి. రెండుగంటల ప్రయాసతో దిగి యెక్కుచుండిన కూలివారు సుఖముగా పనికి పోయి వచ్చుటకు వీలు కలిగెను. వానితోపాటు గ్రంథాలయములు, పాఠశాలలు, వెలుతురుగల బాటలు, ఠాణాలు కొండమీదికి వచ్చెను. 2012 లో ప్రకటింపబడిన యొక పరిశోధన, ఈ బండ్లు వచ్చిన పేటలను రాని పేటలతో పోల్చి చూచి, వచ్చినచోట హత్యలు 66 పాళ్లు అధికముగా తగ్గెనని తేల్చినది.

అయితే దీనిని మంత్రముగా భావింపరాదు. ఆ కాలమున హత్యలు తగ్గుటకు ఒకే ముఠానాయకుడు నగరపు నేరమంతటిని తన చేతిక్రింద పెట్టుకొనుట కూడ నొక కారణము. 2008 లో అతడు అమెరికాకు అప్పగింపబడగా హత్యలు మరల హెచ్చి, కొన్ని సంవత్సరములకు మరల తగ్గుముఖము పట్టెను. ముఠావాని దయచే కలుగు శాంతి అద్దె శాంతి. రాజ్యమును సంఘమును కలిసి కట్టుకొన్న శాంతియే సొంతయిల్లు.

ఇక, “నిషేధమువలననే తుపాకి వచ్చినచో అమ్మకమునకే అనుమతి యీయరాదా?” అని తెలివిగల విద్యార్థి అడుగవచ్చును. పెద్దలలో ఈ విషయమున భేదాభిప్రాయములున్నవి. సారాయి, పొగాకు అనుమతితోనే అమ్మబడుచున్నవి. వానికై ముఠాలు కాల్చుకొనుట అరుదు. కాని ఆసుపత్రులు వానిచేతనే నిండుచున్నవి, సంసారములు వానిచేతనే కూలుచున్నవి. పోర్చుగల్ దేశము 2001 లో నడిమిదారి నొకదానిని త్రొక్కినది. తన వాడుకకై స్వల్పముగా మందు ఉంచుకొన్నవానిని అచట నేరస్థుడుగా చూడక, ఒక సలహాసంఘము నొద్దకు పంపి చికిత్సకు ప్రోత్సహింతురు. అమ్మువాడు మాత్రము నేరస్థుడే. రోగిని రోగిగాను, వర్తకుని వర్తకునిగాను వేఱుచేసి చూచుట ఇందలి నీతి. ఇది ఏ దేశమైనను గ్రహింపదగినది.

8. మన ప్రాంతము, మన పాలు

ఇది యంతయు సముద్రముల కావలి కథ యని తలపవలదు. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు నందలి కొండలలో గంజాయి దొంగచాటుగా సాగగుటయు, అచటినుండి అది దూరనగరములకు పోవుటయు మన వార్తాపత్రికలు చదువువారి కెల్ల తెలిసినదే. కొలంబియావలె మనకింకను రక్తపాతము లేదు. కాని పైన చెప్పిన మూలములలో కొన్ని ఇచటను కనబడుచున్నవి. పండించు గిరిజనునకు దక్కునది స్వల్పము. మూటను మోయుటకు పిలువబడువాడు పని లేని యువకుడు. కొన్నివేల రూపాయల కూలికి ఆశపడి అతడు బస్సెక్కును, పట్టువడువాడు అతడే, పైకము పెట్టిన పెద్దవాని పేరు అతనికే తెలియదు.

మన దేశములో 1985 నవంబరు 14 నుండి అమలులోనున్న మాదకద్రవ్యముల చట్టము ప్రకారము, 20 కిలోలకు మించిన గంజాయితో పట్టువడినవానికి 10 సంవత్సరములకు తక్కువకాని, 20 సంవత్సరముల వరకు ఉండగల కఠినశిక్షయు, లక్షకు తక్కువకాని జరిమానాయు కలుగును. పదునెనిమిదేండ్ల వయస్సున లోపలికి పోయినవాడు ముప్పది దాటిన పిమ్మట బయటికి వచ్చిననుకొనుడు. ఆ నడుమ పోయిన యౌవనమును ఏ కూలి తిరిగి యీయగలదు? అయితే ఇదే చట్టము రోగిని మఱువలేదు. వ్యసనమునకు లోనై స్వల్పపరిమాణముతో పట్టువడినవాడు తానుగా చికిత్సకు సిద్ధపడినచో అభియోగమునుండి రక్షణ పొందుటకు అందు అవకాశము గలదు. తలిదండ్రులారా, ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. బిడ్డ ఈ యూబిలో పడినట్లు తెలిసిననాడు సిగ్గుచే తలుపు మూయకుడు. 14446 అను సంఖ్యకు ఫోను చేసినచో ఖర్చు లేకుండ సలహా దొరకును. ఉపాధ్యాయులను నమ్మి చెప్పుడు. దాచిన వ్యాధి ముదురును; ముదిరిన వ్యసనము బాకీపడును; బాకీపడినవాని తలుపు తట్టువాడు వైద్యుడు కాడు.

బాలబాలికలారా, మొదట అడిగిన ప్రశ్నకు ఇప్పుడు సంగ్రహముగా ఉత్తరము చెప్పుదము. కేక వేయలేని వర్తకము తుపాకితో మాటలాడును. ప్రమాదము పెంచిన లాభము క్రూరుని యజమానిగా చేయును. భయపడిన న్యాయపీఠము అతనికి దారి విడుచును. విడువబడిన బాలుడు అతనికి సేవకుడగును. ఖాళీయైన నాయకస్థానము క్రొత్త పోరును రేపును. ఈ అయిదింటికిని ప్రాణము పోయునది మాత్రము ఒక్కటే. అది కొనువాని రూపాయి. సరదాకై ఒక్కమారు అని స్నేహితుడు చేయి చాచినప్పుడు మీ చేతిలోని పొట్లము చిన్నదిగానే కనబడును. దాని వెనుక నున్న త్రోవ పొడవైనది. ఆ త్రోవలో మోటారుసైకిలుపై మీ యీడు బాలుడు ఒకడు తుపాకితో వేచియున్నాడు.

“సేవింపనివాడు ఏల చచ్చును?” అని యడిగిన చిరంజీవీ, సేవించువాడు ఇచ్చిన పైకముతోనే అతని చావు కొనబడుచున్నది. కావున ఆ పైకము మన చేతినుండి పోకుండ చూచుకొనుట మనకు సాధ్యమైన మొదటి పని. విడువబడిన బాలుడు మన వీథిలో ఒక్కడైన నున్నచో వానిని బడికి పిలుచుకొని వచ్చుట రెండవ పని. ఈ రెండవదానిలో మీతోపాటు మేమును, ఈ పాఠశాలయు బాధ్యులమే.